శ్రుతి చెప్పకుండా వయొలిన్ తీగలు కొనకండి

బెజవాడలోనో గుంటూరులోనో వాద్యాల కొట్టుకెళ్లి వయొలిన్ తీగలు కావాలంటే రెండే ప్రశ్నలొస్తాయి: ఏ కంపెనీవి, ఎంతలో. ఏ శ్రుతికి అని ఎవరూ అడగరు. కొనేవాళ్లూ చెప్పరు. గురువుగారు వాడే కంపెనీ పేరు చెప్పి, సెట్టు తీసుకుని వచ్చేస్తారు. ఆ తర్వాత ఆరు నెలల పాటు తీగ మంచిది కాదనో, వాద్యం మంచిది కాదనో, చివరికి తమ చెయ్యే మంచిది కాదనో మథనపడతారు. ఒకటి, ఒకటిన్నర శ్రుతిలో (అంటే షడ్జాన్ని సి, సి షార్ప్ దగ్గర పెట్టుకుని) వాయించేవాళ్ల విషయంలో చాలాసార్లు ఆ మూడూ బాగానే ఉంటాయి. ఆ తీగలు ఆ శ్రుతి కోసం చేసినవి కావు, అంతే.

పాశ్చాత్య ఆర్కెస్ట్రాలో డబుల్ బాస్ వాయించేవాళ్లకి ఈ సంగతి బాగా తెలుసు. కమానుతో వాయించే వాద్యాల్లో అదే అన్నిటికన్నా పెద్దది. నిలబడో, ఎత్తు స్టూలు మీద కూర్చునో వాయించాలి. దాని తీగలు కింది నుంచి ఇ, ఏ, డి, జి. అన్నిటికన్నా కింది తీగ 41 హెర్ట్జ్. అదే వాద్యం మీద సోలో వాయించాలంటే నాలుగు తీగల్నీ రెండు స్వరస్థానాలు పైకి శ్రుతి చేస్తారు. రెండంటే రెండే. దానికోసం కంపెనీలు సోలో సెట్టని విడిగా చేసి అమ్ముతాయి. ఎందుకంటే ఆర్కెస్ట్రా తీగనే రెండు మెట్లు పైకి లాగితే బిగువు 26 శాతం పెరుగుతుంది. బాస్ తీగ ఒక్కోటీ 25 నుంచి 35 కిలోల బిగువు మీద ఉంటుంది. నాలుగూ కలిస్తే వంద కిలోలు దాటే ఆ బరువుకి పావు వంతు చేరిస్తే వాద్యమూ ఓర్చుకోదు, వేలూ ఓర్చుకోదు.

రెండు మెట్ల తేడాకి వాళ్లు వేరే సెట్టు కొంటుంటే, మనం మొదటి తీగని ఎనిమిది మెట్లు దించి అదే సెట్టుతో కచేరీ చేస్తున్నాం.

లెక్క చూద్దాం. వయొలిన్ సెట్టు తయారయ్యేది జి 196 హెర్ట్జ్, డి 294, ఏ 440, ఇ 659 అనే శ్రుతి కోసం. మీడియం రకం సెట్టులో ఆ శ్రుతి దగ్గర ఇ తీగ బిగువు దాదాపు 8 కిలోలు, ఏ తీగది 5.5, డి, జి తీగలవి చెరో 4.5. మొత్తం 22.5 కిలోలు. కంపెనీని బట్టి కాస్త అటూ ఇటూ ఉంటుంది. ఇక మన ఒకటిన్నర శ్రుతి: నాలుగో తీగ మంద్ర షడ్జం 139 హెర్ట్జ్, మూడోది మంద్ర పంచమం 208, రెండోది మధ్య షడ్జం 277, మొదటిది మధ్య పంచమం 416. అదే సెట్టుని ఈ శ్రుతికి దించితే మొదటి తీగలో మిగిలేది 3.2 కిలోలు, రెండోదాంట్లో 2.2, మూడు, నాలుగు తీగల్లో చెరో రెండుంపావు. అంతా కలిపి పది కిలోలు కూడా లేదు. తయారుచేసినవాళ్లు అనుకున్న బిగువులో సగానికి సగం పోయింది. కచేరీలో ఎక్కువగా పలికే రెండో తీగ అన్నిటికన్నా వదులుగా ఉంది.

ఈ లెక్కకి పెద్ద చదువు అక్కర్లేదు. ఇంటర్ ఫిజిక్స్ ల్యాబులో సోనోమీటర్ మీద చేయించేది ఇదే, బెజవాడలో ఎం.పి.సి. చదివే పిల్లల్ని ఎవర్ని అడిగినా చెబుతారు. పొడవు మారనప్పుడు బిగువు పౌనఃపున్యం వర్గాన్ని బట్టి ఉంటుంది. శ్రుతి 0.63 రెట్లకి దిగితే బిగువు 0.63ని 0.63తో గుణించినంతకి, అంటే 0.4కి పడిపోతుంది. పోయిన బిగువుని తిరిగి తేవడానికి ఒక్కటే దారి: మీటరుకి ఎక్కువ బరువున్న తీగ వెయ్యడం. కంపెనీ మార్చినా, రెట్టింపు ధర పెట్టినా ఈ లెక్క మారదు. ఇ తీగ అని రాసున్నదేదైనా 659 దగ్గర ఏడెనిమిది కిలోలు రావాలనే చేస్తారు.

వదులు తీగ చేసే చెరుపు అన్నిటికన్నా ముందు అపస్వరంగా బయటపడుతుంది. కమాను ఒత్తిడికి తీగ పక్కకి లాగబడుతుంది. బిగువు తక్కువైతే మరింత లాగబడుతుంది. లాగబడ్డప్పుడు సాగుతుంది, సాగినప్పుడు శ్రుతి పైకెక్కుతుంది. ఉక్కు తీగలో కొంచెం సాగుడుకే శ్రుతి చాలా మారుతుంది. అందుకే శ్రుతిపెట్టె పక్కన మెల్లగా పట్టినప్పుడు కలిసిన పంచమం, తారస్థాయిలో గట్టిగా పట్టగానే పైకి పోతుంది. వేలు ఆనిన స్వరాల్లోనూ ఇదే జరుగుతుంది. గాయకుడు నిషాదం మీద నిలబడి ఉంటే, పక్కవాద్యం నిషాదం మొదలవడం కాస్త ఎక్కువలో మొదలై తర్వాత దిగి కలుస్తుంది. వినేవాళ్లకి కారణం తెలియదు, ఏదో తేడాగా ఉందని మాత్రం తెలుస్తుంది.

దీన్ని ఇంట్లోనే పరీక్షించుకోవచ్చు. ఫోనులో ట్యూనర్ యాప్ తెరిచి, మొదటి తీగని ఖాళీగా, కమాను బరువు మాత్రమే పడేలా మెల్లగా పట్టండి. ముల్లు మధ్యలోకి వచ్చేలా శ్రుతి చేసుకోండి. ఇప్పుడు కచేరీలో తనియావర్తనానికి ముందు కల్పనస్వరాల ముక్తాయింపుకి పట్టేంత గట్టిగా పట్టండి. ముల్లు పది సెంట్లకి మించి పైకి ఎగిరితే, ఆ శ్రుతికి ఆ తీగ చాలదు. స్వరస్థానానికీ స్వరస్థానానికీ మధ్య వంద సెంట్లు కాబట్టి, పది అంటే పదో వంతు. మొదటి తీగ తర్వాత రెండోదాన్నీ ఇలాగే చూడండి.

చెరుపు ఇంకా ఉంది. వదులు తీగ కమాను బరువు మొయ్యదు. నొక్కితే నాదం పెరగాల్సింది పోయి గీరుకుంటుంది. మైకు ముందు దాన్ని కప్పిపుచ్చడానికి వాల్యూము పెంచితే గీరుడు కూడా పెరుగుతుంది. ఎండ సంగతి వేరే. వేడికి ఉక్కు సాగినప్పుడు తగ్గే బిగువు కిలోల్లో అంతే ఉంటుంది, కానీ ఉన్న బిగువే సగానికన్నా తక్కువైతే శ్రుతి మీద దాని ప్రభావం రెండున్నర రెట్లు కనిపిస్తుంది. ఏసీ గదిలో శ్రుతి చేసుకుని, రోహిణి కార్తె ఎండలో బెజవాడ పందిట్లో కూర్చున్నవాళ్లు వర్ణం పూర్తికాకముందే బిరడాల మీద చెయ్యి వేసేది ఇందుకే.

దీనికి ఎదురు వాదన ఒకటుంది, దాన్ని తోసిపుచ్చడానికి లేదు. వదులు తీగ మీద జారు సుఖంగా వస్తుంది, కంపితం మెత్తగా పలుకుతుంది, గంటల తరబడి సాధన చేసినా వేళ్లు కోసుకుపోవు అంటారు. నిజమే. మన సంగీతానికి పాశ్చాత్యుల 22 కిలోల బిగువు అక్కర్లేదు. నా లెక్కలో ఒక్కో తీగకి మూడున్నర నుంచి నాలుగున్నర కిలోలు ఉంటే చాలు, మొదటి తీగ ఐదు వరకూ పోవచ్చు. మూడు దిగితే మాత్రం గమకానికి వచ్చే సుఖం కన్నా శ్రుతికి వచ్చే నష్టం ఎక్కువ. జారు బిగువు తీగ మీదా నేర్చుకోవచ్చు. కమాను ఒత్తిడితో పాటు ఎగిరే షడ్జాన్ని మాత్రం ఎంత సాధన చేసినా నిలబెట్టలేం.

ఇక ఏ శ్రుతికి ఏ తీగలు వెయ్యాలో చూద్దాం.

నాలుగు నుంచి ఐదున్నర శ్రుతి వరకూ, అంటే ఎక్కువగా స్త్రీల గాత్రానికి, మామూలు మీడియం సెట్టు సరిపోతుంది. నాలుగు శ్రుతిలో మొదటి తీగ 5 కిలోల దగ్గర, మిగతా మూడూ మూడున్నర దగ్గర నిలుస్తాయి. చేతికి హాయిగా ఉండే చోటు అది. ఐదు శ్రుతిలో కింది రెండు తీగలు సరిగ్గా జి, డి. ఐదున్నరలో అవి రెండూ ఐదు కిలోలకి చేరతాయి. ఆరు శ్రుతి పాడేవాళ్లకి వాయించాలంటే జి, డి తీగల్లో లైట్ రకం తీసుకోండి, లేకపోతే వాటి మీద 26 శాతం బిగువు అదనంగా పడుతుంది. ఇందాకటి డబుల్ బాస్ లెక్కే ఇక్కడా.

రెండున్నర శ్రుతి మధ్యరకం. ఇక్కడ మొదటి తీగకి 32 గేజీ (గేజీ అంటే తీగ మందం నెంబరు) ఉక్కు తీగ వేస్తే 4.4 కిలోలు, 31 వేస్తే 5 వస్తుంది. రెండో తీగ స్థానంలో ఏ తీగ బదులు లైట్ రకం డి తీగ వెయ్యండి. మూడు, నాలుగు స్థానాల్లో డి, జి తీగలే ఉంచి, హెవీ రకం తీసుకోండి. మూడు కిలోల పైన నిలుస్తాయి. జర్మన్, ఆస్ట్రియన్ పొట్లాల మీద లైట్‌ని వైఖ్ అనీ, మీడియంని మిట్టెల్ అనీ, హెవీని స్టార్క్ అనీ రాసి ఉంటుంది.

ఒకటి, ఒకటిన్నర శ్రుతులకి మాత్రం సెట్టునే ఒక స్థానం పక్కకి జరపాలి. నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే. రెండో స్థానంలో డి తీగ, మూడో స్థానంలో జి తీగ, నాలుగో స్థానంలో సి తీగ. మొదటి స్థానంలో ఏ తీగ వెయ్యొచ్చు, లేదా లావు ఉక్కు తీగ. ఒకటిన్నర శ్రుతిలో డి తీగ 4 కిలోల దగ్గర, జి తీగ 5 దగ్గర నిలుస్తాయి. ఐదు ఎక్కువనిపిస్తే జి తీగలో లైట్ రకం తీసుకోండి, నాలుగున్నరకి వస్తుంది. ఒకటి శ్రుతిలో జి తీగ తన సొంత శ్రుతి దగ్గరే ఉంటుంది కాబట్టి మీడియం చాలు.

మొదటి స్థానంలో ఏ తీగ వేస్తే బిగువు 4.9 కిలోలు, లెక్కకి బాగుంది. కానీ ఏ తీగకి చాలా సెట్లలో పైన అల్యూమినియం చుట్టు ఉంటుంది. జారుడు ఎక్కువగా ఉండే మన వాయింపుకి ఆ చుట్టు త్వరగా అరిగిపోతుంది. వేళ్లకి కొబ్బరినూనె రాసుకునే అలవాటుంటే నూనె చుట్టు సందుల్లోకి దిగి నాదం మూగబోతుంది. మొదటి తీగ మీద మన చెవికి అలవాటైన మెరుపు కూడా చుట్టు తీగలో రాదు. అందుకే నేను చుట్టులేని ఉక్కు తీగ వైపే మొగ్గుతాను. మామూలు ఇ తీగ మందం 0.26 మిల్లీమీటర్లు. ఒకటిన్నర శ్రుతికి 31 గేజీ తీగ, అంటే దాదాపు 0.295 మిల్లీమీటర్లు, వేస్తే 4 కిలోలు. 30 గేజీ, 0.315 మిల్లీమీటర్లు, వేస్తే 4.6. నేర్చుకుంటున్నవాళ్లకి 31, కచేరీలు చేసేవాళ్లకి 30. గేజీ నెంబరు పెరిగితే తీగ సన్నబడుతుందన్నది మర్చిపోవద్దు. 30 గేజీ తీగ వేసి ఉన్న వయొలిన్‌ని ఎప్పుడూ ఐదు శ్రుతికి లాగకండి. తొమ్మిది కిలోలు దాటుతుంది, బ్రిడ్జి (తీగల్ని మోసే చెక్క) కాలు పైపలకలోకి దిగుతుంది.

ఈ ఉక్కు తీగ వయొలిన్ పొట్లంలో దొరకదు. వీణ, సితార్ తీగల చుట్టలు అమ్మేచోట దొరుకుతుంది. వీణల తయారీకి పేరున్న నూజివీడు బెజవాడకి దగ్గరే. తీగ లావు అక్కడ రోజువారీ మాట. చుట్ట మీద రాసిన నెంబరుని నమ్మి ఊరుకోకుండా స్క్రూ గేజితో కొలవండి. రెండు వందో వంతుల మిల్లీమీటరు తేడా కూడా అర కిలో పైన తేడా తెస్తుంది. చివర బంతి (తీగ కొసని పట్టి ఉంచే చిన్న గుండు) కావాలంటే పాత ఇ తీగ తాలూకు బంతి దాచుకుని దానికే చుట్టుకోవచ్చు. బంతి గాడిలో తీగని ఒక్క చుట్టు వేసి, రెండు కొసలూ సమానంగా పెనవేసుకునేలా ఏడెనిమిది మెలికలు తిప్పాలి. ఒక కొస నిటారుగా ఉండి రెండోదే దాని చుట్టూ తిరిగితే, బిగువు ఎక్కినప్పుడు మెలిక జారి తీగ రోజంతా దిగుతూనే ఉంటుంది.

నాలుగో స్థానంలో సి తీగ సంగతి జాగ్రత్తగా చూసుకోవాలి. వయోలా సి తీగ తెచ్చి వేస్తే బిగువు నాలుగు కిలోల పైనే, సరిపోతుంది. చిక్కు పొడవుతో. వయోలా పెద్దది కాబట్టి తీగ పొడవెక్కువ. పట్టుదారం చుట్టిన కొస బిరడా దగ్గరికి రావాల్సింది, లోహం చుట్టున్న భాగమే బిరడాకి చుట్టుకుంటుంది. ఆ వంపు దగ్గర చుట్టు విచ్చుకుని, కొన్ని వారాల్లో తీగ జివ్వుమంటుంది. కాబట్టి ఐదు తీగల వయొలిన్ కోసం చేసే వయొలిన్ సి తీగ అడిగి తెప్పించుకోండి. డడారియో వాళ్ల హెలికోర్‌లో ఉంది. చిన్న వయోలా కోసం 13, 14 అంగుళాల కొలతతో చేసేవి కూడా పనికొస్తాయి. వయొలిన్ పెట్టె (మెడ కాకుండా మిగిలిన ఒళ్లు) కూడా 14 అంగుళాలే కదా.

సి తీగ వేశాక నాలుగో తీగ వీణ మంద్రంలా మోగాలని ఆశపడకండి. వయొలిన్ పెట్టెలోని గాలి తనంతట తాను పలికేది 270, 280 హెర్ట్జ్ దగ్గర. 139 హెర్ట్జ్ మంద్ర షడ్జం దానికి చాలా కింద ఉంటుంది. ఆ స్వరాన్ని మనం వినేది ఎక్కువగా దాని పైస్వరాల వల్లే. కాబట్టి నాలుగో స్థానంలో పైస్వరాలు బాగా పలికే ఉక్కు పేగు తీగ (పేగంటే చుట్టు లోపలి నడిమి భాగం) మేలు, నైలాన్ రకం పేగున్నది మూసుకుపోయినట్టు ఉండిపోతుంది. పెట్టె పెద్దదైతే ఈ ఇబ్బంది తగ్గుతుంది. బెజవాడ సంగీత కళాశాలకి ప్రిన్సిపాల్‌గా పనిచేసిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు వయోలా కూడా వాయించేవారు. కింది శ్రుతిలో వయోలా నాదం ఎంత నిండుగా ఉంటుందో తెలుసుకోవాలంటే ఆయన వాయించినవి వినాలి. పూర్తిగా మగ గాత్రానికే పక్కవాద్యం వాయించేవాళ్లు వయోలా గురించి ఆలోచించడంలో తప్పులేదు.

తీగ పేగు దేంతో చేశారన్నది శ్రుతి తర్వాత చూడాల్సిన విషయం. 1970లో వియన్నాలో థామస్టిక్ వాళ్లు తెచ్చిన డామినెంట్ నైలాన్ రకం పేగు తీగ. మెత్తని నాదం, కమాను ఒత్తిడికి శ్రుతి తక్కువ ఎగురుతుంది, కానీ కుదురుకోవడానికి మూడు నాలుగు రోజులు పడుతుంది. ఉక్కు పేగు తీగలు కొన్ని గంటల్లో కుదురుకుంటాయి, ధర తక్కువ, చెమటకి ఓర్చుకుంటాయి. కృష్ణ ఒడ్డున మే నెల చెమట ఎలాంటిదో చెప్పక్కర్లేదు. చెమట ఎక్కువగా పట్టే చేతులకి అల్యూమినియం చుట్టు వద్దు, తెల్లటి పొడి తేలి గరుకెక్కుతుంది. వెండి చుట్టు నల్లబడుతుంది గానీ చెడదు. క్రోమ్ స్టీలు చుట్టు అన్నిటికన్నా మొండిది. చుట్టులేని మొదటి తీగని మాత్రం వాయించిన ప్రతిసారీ పొడి నూలుగుడ్డతో తుడవాల్సిందే. తుప్పు చుక్క పడ్డచోట వేలు జారదు, అక్కడే తెగుతుంది.

తీగలు మార్చేటప్పుడు నాలుగూ ఒకేసారి విప్పితే బ్రిడ్జి పడిపోతుంది, లోపలి సౌండ్ పోస్టు (పెట్టెలో నిలబెట్టిన చిన్న కర్ర) కూడా పడొచ్చు. ఒకటి విప్పి, దాని స్థానంలోది ఎక్కించి, సగం బిగువుకి తెచ్చాకే రెండోదాని మీద చెయ్యి వెయ్యాలి. సి తీగకి నట్ (బిరడాల దగ్గర తీగలు ఆనే చిన్న దిమ్మ) మీద జి తీగ గాడి చాలదు. ఇరుకు గాడిలో తీగ ఇరుక్కుని, బిరడా తిప్పినప్పుడు టిక్కుమని ఒక్కసారిగా ఎగురుతుంది, చుట్టు చిట్లుతుంది. కంసాలి వాడే సన్నటి గుండ్రటి ఆకురాయితో గాడిని తీగ కన్నా వెంట్రుకవాసి వెడల్పు చెయ్యాలి. లోతు మాత్రం తీగ మందంలో సగానికి మించకూడదు. లోతెక్కువైతే ఖాళీ తీగ ఫింగర్‌బోర్డుకి తగిలి గరగరమంటుంది, అప్పుడిక నట్ మార్చాల్సిందే. బ్రిడ్జి మీద గాళ్లకీ ఇదే కొలత. అన్ని గాళ్లలోనూ పెన్సిల్ ములికి నాలుగుసార్లు రుద్దండి, తీగ జారుతుంది. ఉక్కు మొదటి తీగ కింద బ్రిడ్జి మీద చిన్న తోలుముక్క అతికిస్తే తీగ చెక్కలోకి కోసుకుపోదు. బిగించేకొద్దీ బ్రిడ్జి పైభాగం ఫింగర్‌బోర్డు వైపు వాలుతూ ఉంటుంది. ప్రతి రెండు బిగింపులకీ ఒకసారి పక్క నుంచి చూసి, టెయిల్‌పీస్ (తీగల కింది కొసలు తగిలించే ముక్క) వైపు ముఖం పెట్టెకి నిటారుగా ఉండేలా రెండు చేతుల బొటనవేళ్లతో సర్దండి. వాలిపోయిన బ్రిడ్జి వారంలో వంకరపోతుంది. కచేరీ ఉన్న వారంలో తీగలు మార్చకండి.

వారం మొదట్లో ఐదున్నర శ్రుతి, వారం చివర ఒకటిన్నర శ్రుతి వాయించాల్సివచ్చే పక్కవాద్యకారులకి ఏ ఒక్క సెట్టూ సరిపోదు. మామూలు సెట్టు ఐదున్నరలో 22 కిలోలు, ఒకటిన్నరలో 10. ఆ తేడాకి పెట్టె పైపలకా, సౌండ్ పోస్టూ కుదుటపడటానికే ఒకటి రెండు రోజులు పడుతుంది, ఈలోగా శ్రుతి నిలవదు. ఖరీదైన సెట్లు మార్చి మార్చి వేసే డబ్బుతో ఓ మోస్తరు రెండో వయొలిన్ కొనుక్కుని, దానికి సి, జి, డి, 30 గేజీ వేసి ఉంచుకోండి. కింది శ్రుతికి సాదా వయొలిన్, దానికి తగ్గ తీగలు వెయ్యడం, గొప్ప వయొలిన్‌కి వదులు తీగలు వెయ్యడం కన్నా మేలు చేస్తుంది.

పిల్లల వయొలిన్ల గురించి ఒక మాట. ముప్పావు సైజు మీద నట్ నుంచి బ్రిడ్జికి దాదాపు 31 సెంటీమీటర్లు, పెద్ద సైజు మీద 33. పెద్ద సైజు తీగని కత్తిరించి ముప్పావుకి వేస్తే బిగువు మరో పదో వంతు పడిపోతుంది. పైగా గురువుగారి ఒకటిన్నర శ్రుతికే పిల్లలకీ శ్రుతి చేస్తే ఆ తీగ మీద సరళీస్వరాల్లో షడ్జమే నిలవదు. ముప్పావుకి ముప్పావు సెట్టే వేయించి, నాలుగు, ఐదు శ్రుతుల మధ్య పెట్టండి. పిల్లల గొంతు కూడా హాయిగా పలికే చోటు అదే. పాడుతూ వాయించడం అలవాటవుతుంది, మామూలు సెట్టే సరిపోతుంది.